గంజి తియ్యని గుడ్డ

మాది తిరుత్తణి అవతల మగ్గాల వీధి. నేను మగ్గంలో కూర్చోవడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఇంతవరకు నా గుడ్డకు వంక పెట్టినవాళ్ళు లేరు. ఒకరిద్దరు పెట్టినా నేను ఊరుకోలేదు. నాకు నోరెక్కువని ఇంటా బయటా పేరుంది, ఆ పేరు చెడగొట్టుకోలేదు కూడా.

మా వదిన స్కూలు టీచరు. చలి తగ్గుతున్న రోజుల్లో ఆమెతో పనిచేసే టీచర్లంతా కలిసి పులికాట్ పక్క సముద్రానికి వ్యాన్ మాట్లాడుకున్నారు. అక్కడ తాబేలు గుడ్లను కాపాడేవాళ్ళకు రెండు రోజులు చేసాయం చెయ్యాలని. వ్యాన్‌లో ఒక సీటు మిగిలింది. నేను వస్తానంటే మా ఆయన, నీకు ఇసుకలో ఏం పని అని నవ్వాడు. ఆ నవ్వుకే బయల్దేరాను.

అక్కడ పని చూసేది ఒక జాలరి అన్న. మా మాదిరే తెలుగులో తమిళం కలిపి మాట్లాడతాడు. తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. కుక్కలు తవ్వి తినేస్తాయని, తెల్లారేలోగా ఆ గుడ్లను ఏరి తెచ్చి, దడి కట్టిన చోట మళ్ళీ గుంటలు తీసి పూడుస్తారు. గుంట లోతు చేతి పొడవు. మూతి ఇరుగ్గా, కడుపు వెడల్పుగా, కుండలాగా ఉండాలి. టీచర్లు తీసిన గుంటలన్నీ అంచులు కూలిపోయాయి. నాది నిలిచింది. గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి బతికినదాన్ని, గుంట తియ్యడం నాకొక లెక్కా! నూట పన్నెండు గుడ్లను ఒక్కటీ దొర్లకుండా నా చేత్తోనే లోపలికి దించాను. ఆ పూట నుంచి అవి నావే అనిపించింది.

ఆ దడికి పడమటి పక్క నీడకు కట్టిన గుడ్డ చిరిగిపోయి ఉంది. మధ్యాహ్నం ఎండ నేరుగా పడి ఇసుక మరీ కాగితే పిల్లలు గుడ్డులోనే చచ్చిపోతాయట. నీడకు మందపాటి గుడ్డ నేనే నేసి తెస్తానని మాటిచ్చాను. రెండు వారాల్లో తెచ్చాను కూడా. వదినా, టీచర్లూ మళ్ళీ వెంట వచ్చారు. అన్న ఆ గుడ్డ అంచును రెండు వేళ్ళతో నలిపి చూశాడు.

"గంజి వాసనొస్తాంది అక్కా. ఒకసారి ఉతికి ఆరేసి కడదామా?"

మాలో ఎవరికైనా గుడ్డ పెట్టాలంటే మగ్గం మీద కోసింది కోసినట్టే, మూలలకు పసుపు రాసి పెడతాం. తడిపిన గుడ్డ పెడితే కట్టి విడిచింది పెట్టినట్టు. అందరి ముందూ ఆయన ఆ మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది. మేము విడిచిన గుడ్డలు ఇచ్చేవాళ్ళం కాదన్నా, గుడ్డ సంగతి నాకు నేర్పొద్దు అన్నాను. ఆయన "సరి అక్కా" అని కట్టేశాడు. గాలికి ఎగరకుండా కింది అంచును ఇసుకలో పూడ్చింది నేనే. నా గుంట ఆ పక్కనే ఉంది.

నెల దాటాక ఒకరోజు పొద్దున్నే వదినకు ఆయన ఫోన్ చేశాడు. గుడ్లు పగిలే సమయమనీ, మా గుంటలో చీమలు పడ్డాయనీ, వెంటనే రమ్మనీ చెప్పాడు. ఎందుకు పడ్డాయో నాకు అడక్కుండానే అర్థమైంది. గంజి పట్టించిన పడుగును ఒక్క పూట నేల మీద వదిలితే చీమలు బారులు కడతాయని మా వీధిలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. నాకు తెలియదా? తెలుసు. నా పౌరుషం ముందు అదేదీ గుర్తుకు రాలేదు. తిరుత్తణిలో రైలెక్కి, బేసిన్ బ్రిడ్జిలో గుమ్మిడిపూండి బండికి మారి, పొన్నేరిలో దిగి బస్సు పట్టుకున్నాం. వదిన ఏదో చెబుతూనే ఉంది, నా తలకు ఒక్క మాటా ఎక్కలేదు. దేవుడా, సగమైనా మిగిల్చు అని దారి పొడుగునా మొక్కుకున్నాను.

మేము చేరేసరికి అన్న గుడ్డను విప్పేసి ఉన్నాడు. అది ఆనిన చోటు నుంచి నా గుంట దాకా చీమల బారు ఇంకా నడుస్తోంది. నువ్వు పూడ్చిన గుంట నువ్వే తియ్యి అన్నాడు. పిడికెడు పిడికెడుగా ఇసుక తీశాను. పైవరసలో పిల్లలు పెంకు చీల్చుకున్నవి చీల్చుకున్నట్టే చచ్చిపడి ఉన్నాయి, మెడల చుట్టూ ఎర్ర చీమలు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే తీశాను. అడుగున ఉన్నవి కదిలాయి. ఒక్కొక్కదాని మీద చీమలను ఆయన తడివేలితో తుడిచి బుట్టలో పెట్టాడు. బతికినవి నలభై ఒకటి.

పొద్దు వాలుతుండగా వాటిని తడి ఇసుక మీద వదిలాం. చూడడానికి వచ్చినవాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత తక్కువ వచ్చాయేమని ఒకాయన అడిగితే, ఎండలకు చీమలు ఎక్కువైనాయని అన్న జవాబు చెప్పాడు. నా పరువు కోసం ఆయన అబద్ధమాడాడు. నాకు చచ్చినంత సిగ్గేసింది.

"ఎండలు కాదు, నా గుడ్డ," అన్నాను అందరికీ వినబడేలా. "గంజి తియ్యకుండా కట్టించినాను. ఈయన చెప్పినాడు, నేనే ఇనలేదు."

చప్పట్లు ఆగిపోయాయి. అన్న నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"నేనూ ఒక్కసారే చెప్పినాను అక్కా. మా తావుకొచ్చిన ఆడమనిషిని ఎట్ల కసురుకునేదని ఊరికున్నాను. ఆ పొద్దే కసురుకొనింటే అవన్నీ బతికుండేవి."

ఇంకమీద నేను తప్పు చేస్తే అందరి ముందరే కసురుకోమని చెబుతూ, ఆయన దగ్గరికి పోదామని కాలెత్తాను.

"యాడ పెడతా ఉండావు కాలు? కండ్లు లేవా? కదలొద్దు."

నా జన్మలో నా మీద ఎవరూ అలా అరవలేదు. కిందికి చూశాను. నేను కాలు దించబోయే చోటనే, అందరికంటే వెనకబడిన పిల్ల ఒకటి ఇసుకలో ఈదుకుంటూ పోతోంది. వదిన భుజం పట్టుకుని, ఒంటికాలి మీద, నోరు మెదపకుండా, అది నీళ్ళు చేరేదాకా అలాగే నిలబడ్డాను.