పొట్టు మంట, పచ్చ నూలు

గుడియాత్తంలో మా అక్కావాళ్ల వీధిలో పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా సైకిలు కూడా పోదు. ఆ వేళకు వీధి పొడుగునా పావు పరుస్తారు. పావంటే మగ్గానికి ఎక్కించే పడుగు. గంజి పెట్టిన దారాలను రెండు కొసలా కర్రలకు బిగించి, ఇంటిల్లిపాదీ అటూ ఇటూ నడుస్తూ కుంచెతో దువ్వి ఆరబెడతారు. తడి మీద ఉన్న పావుకు ఏది తగిలినా అంటుకుంటుంది.

మా బావది నూలుకు రంగు వేసే పని. ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో రెండు పొయ్యిలు, వాటి మీద రెండు తొట్లు. ఒక తొట్టిలో నూలు ఉడకాలి, రెండో తొట్టిలో రంగు పట్టాలి. ముప్పై ఏళ్లుగా పొయ్యిలో తుమ్మ కట్టెలే. గాలి తూర్పుకు తిరిగిన రోజు ఆ మసి కొట్టం దాటి, మిద్దెలు దాటి, తిన్నగా వచ్చి తెల్లటి పావుల మీద వాలేది. పోయిన ఏడు ఎదురింటి పెద్దమ్మ మసి చుక్కలు పడిన పావును అలాగే చుట్టి తెచ్చి బావ గడప మీద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని అక్క అనేది. ఆ తరువాత వీధి పెద్దలు కూర్చుని, వానలు మొదలయ్యేలోగా పొగ ఆపాలి, లేదంటే కొట్టం ఊరి బయటికి మార్చుకోవాలి అని తేల్చి చెప్పినారు. ఊరి బయట బావకు నీళ్ల వసతి లేదు. నీళ్లు లేని చోట రంగు పని లేదు.

నేను వేలూరులో ఒక తమిళ దినపత్రికకు చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆ ఊళ్లోనే బాగాయం పేటలో ఉంటాను. ఆ మధ్య నాట్రంపల్లి దగ్గర ఒక చిన్న కార్ఖానా చూసి వచ్చి అర కాలమ్ వార్త రాశాను. చెనక్కాయ పొట్టూ, రంపపు పొట్టూ మరలో వేసి నొక్కితే చేయి మందాన, మూరెడు పొడుగున కట్టెల్లాగే బయటికి వస్తాయి. జిగురు లేదు, మందు లేదు, నొక్కుడుకే అతుక్కుంటాయి. వడ్ల మిల్లుల వాళ్లు తమ ఊకతోనే బాయిలరు నడపడం ఎప్పటి నుంచో చూస్తున్నదే. ఇప్పుడు వేలూరులో పెద్ద హాస్టళ్ల వంటశాలలు కూడా ఇటు తిరుగుతున్నాయి. ఇదంతా రాసి, చివరలో ఒక వాక్యం కలిపాను: చిన్న పొయ్యిలు పెట్టుకున్నవాళ్లు ఏ మార్పూ చేసుకోకుండా కట్టెల బదులు వీటిని వాడుకోవచ్చు. ఆ మాట కార్ఖానా మనిషి చెప్పింది. నేను పరీక్షించి చూడలేదు.

మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. బావ ఆ వార్తను తమిళంలో రెండుసార్లు చదివి, నాకు ఫోను చేసి తెలుగులో ప్రశ్నలు వేశాడు. పొగ నిజంగా ఉండదా, బూడిద ఎంత వస్తుంది, వానలో తడిస్తే ఏమవుతుంది. తడిస్తే విచ్చిపోతాయి, అటక మీద పెట్టుకోవాలని చెప్పాను. వారం తిరగకుండా ఒక ట్రాక్టరు లోడు దింపించుకున్నాడు. వీధిలో వాటికి వెంటనే పేరు పడింది, పొట్టు కట్టెలని.

మొదటి రోజు పండగలాగే జరిగింది. నేనూ వెళ్లాను. అంటుకునేటప్పుడు కాస్త తెల్లటి పొగ, ఆ తరువాత పొగగొట్టం మీద గాలి అల్లాడడం తప్ప ఏమీ కనబడలేదు. ఎదురింటి పెద్దమ్మ నమ్మలేక వెనక సందులోంచి కొట్టంలోకి తొంగి చూసింది.

"ఏమప్పా, ఈ పొద్దు పొయ్యి మీద అలిగినావా?"

"లోపలికొచ్చి చెయ్యి పెట్టి చూడు పెద్దమ్మా, అలిగింది ఎవురో తెలుస్తాది" అన్నాడు బావ.

ఆ రోజు నూలు ఉడికించడం ఒకటే పని. అది బాగా అయింది. ఉడికించడానికి మంట ఎంత ఉన్నా తప్పు లేదు. మరుసటి రోజు రంగు తొట్టి కిందా పొట్టు కట్టెలు పెట్టాడు. చిక్కు అక్కడ మొదలైంది.

లుంగీ అంచుల్లో వేసే ఆకుపచ్చ రంగు అది. దాని స్వభావం విచిత్రంగా ఉంటుంది. తొట్టిలో మునిగి ఉన్నంతసేపూ నూలు నీలంగా ఉంటుంది, పైకి తీసి గాలికి విప్పగానే కళ్ల ముందే పచ్చగా మారుతుంది. నీళ్లు వేడిగా ఉండాలి, కాగిపోకూడదు. కాగితే తొట్టిలో వేసిన మందు విరిగి రంగు సమంగా పట్టదు. బావ దగ్గర వేడి కొలిచే గొట్టం లేదు. రెండు వేళ్లు ముంచి, మూడు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితే సరి. ఓర్చుకోలేకపోతే పొయ్యిలోంచి ఒక కట్టె వెనక్కి లాగుతాడు, మంట ఒక్క క్షణంలో తగ్గుతుంది. ముప్పై ఏళ్లుగా ఆ చేయి ఆలోచించకుండా ఆ పని చేస్తోంది.

ఆ రోజు కూడా వేళ్లు ముంచాడు, చురుక్కుమంది, వంగి కట్టె లాగాడు. అది తెల్లగా కాలి ఉంది. పట్టకారుకు తగలగానే మూడు ముక్కలై పొయ్యిలోనే పడింది. ముక్కలైన ప్రతి చోటా కొత్తగా ఎర్రబారి వేడి ఇంకా పెరిగింది. ఇంకొకటి లాగాడు, అదీ అంతే. అక్క చల్లనీళ్ల బిందెతో పరుగెత్తుకు వచ్చింది. తొట్టిలో పోస్తే రంగు పలచబడుతుంది, పొయ్యిలో పోస్తే బూడిద లేచి తొట్టిలో పడుతుంది. బిందె పట్టుకుని నిలబడిపోయింది. పైకి తీసిన నూలు చుట్టలు, మా మాటలో చిట్టాలు, ఒక పక్క ఆకుపచ్చగా, ఇంకో పక్క పాచి పట్టినట్టు తేలినాయి.

చెడిన నూలుకు నల్ల రంగు ఒకటే గతి. ఆ చిట్టాలన్నీ నలుపులో ముంచారు. అయితే మొదలాళికి కావలసింది నలుపు కాదు. నూలిచ్చి ఇళ్లల్లో నేయించుకునే వ్యాపారిని మా వైపు మొదలాళి అంటారు. ఈయన నెమ్మదైన మనిషి, గొంతు పెంచడు. నల్ల చిట్టాలను చేత్తో తట్టి, ఇంకో పది రోజుల్లో ఇదే పచ్చ మళ్లీ చూపించమన్నాడు. తేడా వస్తే ఇకమీదట రంగు నూలు మిల్లు నుంచే తెప్పించుకుంటానని అంత నెమ్మదిగానూ చెప్పాడు. ఆయన నూలు ఆగితే బావ కొట్టానికి వేరే పని లేదు.

నేను తలవంచుకుని కూర్చున్నాను. బావ నన్ను ఏమీ అనకుండా వదల్లేదు.

"పేపర్లో రాసేదానికి వేడి తగలదు గదా బామ్మర్దీ. ఏ మార్పూ అక్కర్లేదని రాసినావే, ఆ మార్పు యాడ ఉండాదో ఇప్పుడు చెప్పు."

నేను నాట్రంపల్లి కార్ఖానాకు ఫోను చేస్తే, గాలి కొట్టే ఫ్యానూ, వేడి చూపే గడియారమూ ఉన్న కొత్త పొయ్యి కట్టించుకోమన్నారు. అది మంచిదే, కానీ పది రోజుల్లో అయ్యే పని కాదు. బావ తుమ్మ కట్టెల అడితికి కబురు పెట్టబోయాడు. అలా పెట్టిన రోజే వీధి వాళ్లు కొట్టం ఎత్తేయమంటారని అతనికి తెలుసు. అయినా రంగు చెడిన మనిషి వీధిలో తలెత్తుకోలేడు, పొగ పెట్టినవాడు కనీసం పోట్లాడగలడు అన్నాడు.

దారి చూపింది అక్క. ఆ సాయంత్రం చల్లారిన పొయ్యి ముందు కూర్చుని బూడిద తీస్తూ, ఇవి కట్టెలు కావు గదా అంది. మా చిన్నప్పుడు అమ్మ రంపపు పొట్టు పొయ్యి మీద వండేది. పెద్ద రేకు డబ్బాలో పొట్టు దట్టించి, నడుమ రోకలి నిలబెట్టి తీసేస్తే బొక్క పడుతుంది. అడుగున పక్కగా ఇంకో బొక్క. ఒకసారి అంటిస్తే మధ్యాహ్నం దాకా అదే కాలుతుంది. దాన్లోంచి లాగేది ఏమీ ఉండదు. అన్నం ఉడికినాక సెగ తగ్గాలంటే అమ్మ అడుగు బొక్కకు ఒక పెంకు అడ్డం పెట్టేది. నేను ఆ పొయ్యి ముందు కూర్చుని తిన్నవాణ్ణే. అక్క అనేదాకా నాకు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఇది పొట్టు. కట్టె మాదిరి కనపడితే కట్టె అయిపోతాదా? దాన్ని లాగేది కాదు, నోరు మూసేది" అంది అక్క.

బావ అడితికి పెట్టబోయిన కబురు ఆపాడు. మరునాడు పొద్దున రంగు లేకుండా ఉత్త నీళ్లతో చూశారు. పొయ్యి నోరు బాగా వెడల్పు, ఎప్పుడో లావు కట్టెల కోసం కట్టింది. అక్క దాన్ని ఇటుకలూ మట్టీ పెట్టి జానెడుకు కుదించింది. మిగిలిన జానెడు దగ్గర ఒక సగం ఇటుక, జరపడానికి వీలుగా. నీళ్లు వేడెక్కినాయి. బావ వేళ్లు ముంచి తల ఊపాడు, అక్క ఇటుక జరిపింది. మొదట ఏమీ తేడా తెలియలేదు. తుమ్మ కట్టె లాగితే క్షణంలో తగ్గే సెగ, దీన్లో తగ్గడానికి ఒక తమలపాకు నమిలేంత సేపు పట్టింది. తగ్గినాక మాత్రం ఎక్కడికి చేరాలో అక్కడే నిలబడింది. మధ్యాహ్నం దాకా నిలబడింది. కట్టెలతో ఆ నిలకడ ఎన్నడూ లేదని బావే అన్నాడు. అప్పటికి అతని ముఖం తేటపడింది.

అంటే ఇటుక జరపమని బావ ముందే అడగాలి, వేడి మించినాక కాదు. వాళ్లిద్దరూ మూడు రోజులు అదే సాధన చేసినారు. మొదటి రెండు రోజులు మాటలు పెరిగినాయి. నువ్వు ఆలస్యంగా చెప్పినావని ఆమె, నువ్వు ముందే మూసినావని ఇతను. మూడో రోజుకు మాటలు అయిపోయినాయి. అతను తొట్టి మీద చేయి ఎత్తితే ఆమె ఇటుక జరిపేది, చేయి దించితే తెరిచేది.

పెద్ద పెద్ద సమావేశాల్లో కూర్చుని చాలా వార్తలు రాశాను. తోలు కార్ఖానాల బాయిలర్లు, మిల్లుల ఆవిరి, ప్రభుత్వం ఇచ్చే రాయితీలు. అవన్నీ అవసరమే, అవన్నీ వస్తున్నాయి కూడా. విరించిపురం నుంచి నాట్రంపల్లి దాకా చెనక్కాయ పండని ఊరు తక్కువ, వలిచిన పొట్టుకు కొదవ లేదు. ఇంత వేడి మన పొలాల్లోనే పడి ఉంటే బయటి నుంచి ఎందుకు తెచ్చుకోవాలనే మాట ఇప్పుడు నేను ధైర్యంగా అనగలను. అయితే ఈ మంటను మచ్చిక చేసుకోవాల్సిన చేయి ఒకటి ప్రతి పొయ్యి దగ్గరా ఉంటుంది, దాన్ని అడగకుండా వార్త పూర్తి కాదు. ఆ వారమే పత్రికలో నా పాత వార్తకు సవరణ రాశాను. ఏ మార్పూ అక్కర్లేదన్న వాక్యం తప్పని, పొయ్యి నోరు కుదించి గాలిని అదుపు చేసుకోవాలని నాలుగు వాక్యాల్లో. నా ఉద్యోగంలో అంత సంతోషంగా సవరణ రాసింది అదొక్కసారే.

తొమ్మిదో రోజు పచ్చ రంగు వేశారు. నీలంగా లేచిన చిట్టాలు దండెం మీద విప్పగానే పైనుంచి కిందికి ఒకే తీరుగా పచ్చబడినాయి. బావ ప్రతి చిట్టాన్నీ విడదీసి లోపలి పోగులు చూశాడు. నన్ను కూడా చూడమన్నాడు, ఈసారి వెక్కిరింపు లేదు.

మొదలాళి మరుసటి రోజు వచ్చినాడు. ఆయన కొట్టంలో చూడడు, వీధిలోకి తెప్పించుకుని ఒకసారి ఎండలో, ఒకసారి నీడలో చూస్తాడు. మునుపటి పచ్చ నూలు చిట్టం ఒకటి తన సంచిలో తెచ్చుకున్నాడు. రెండూ కలిపి మెలిపెట్టి, విప్పి, మళ్లీ మెలిపెట్టి, ఏది ఏదో మరిచిపోయి బావ వైపు చూశాడు. బావకు తెలుసు, చెప్పలేదు. ఆయన నవ్వి రెండింటినీ కలిపే సంచిలో వేసుకున్నాడు.

"సరి. ఎరుపు నూలు పంపిస్తా. ఎప్పటికి అవుతాది?"

ఇన్నేళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది బావే. ఆ రోజు నోరు తెరవబోయి, ఆగి, గడపలో నిలబడ్డ అక్క వైపు తిరిగాడు. మొదలాళి కూడా అటు తిరిగినాడు.

అక్క చేతికంటిన బూడిద చీర కొంగుకు తుడుచుకుంటూ కాసేపు లెక్క వేసుకుంది.

"సోమవారం పంపించండన్నా" అంది. "శుక్రవారానికి నూలు ఆరిపోతాది."