నల్లకోడి చారు

కోళ్ళు పెంచేవాళ్ళకు పిల్లి భయం, గద్ద భయం, ముంగిస భయం అంటారు. నాకు ఆ మూడింటితో ఎప్పుడూ పెద్ద పేచీ రాలేదు. నా భయమంతా పెరటి గోడకు అవతల, బట్టలుతికే రాయి మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేది.

మా అత్త ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు ఆమె పెద్దత్త. రక్తసంబంధం ఏమీ లేదు. కోయంబత్తూరులో మిల్లు పక్కన ఎవరో కట్టించి అద్దెకిచ్చిన లైను ఇళ్ళు మావి. ఇటు మేకు కొడితే అటు సున్నం రాలేది. మా వరుసలో అందరమూ ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడేవాళ్ళమే. మా తాతల తాతలు ఎప్పుడు, ఎందుకు ఈ దిక్కుకు వచ్చారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నా కోడి ఏ పూట ఎక్కడ గుడ్డు పెట్టిందో మాత్రం పెద్దత్తకు బాగా తెలుసు.

కాపరానికి వచ్చేటప్పుడు అవినాశి పక్కనున్న మా పుట్టింటి నుంచి గంపలో ఒక పెట్టను తెచ్చుకున్నాను. అది పొదిగింది, దాని పిల్లలు పొదిగాయి, చూస్తుండగానే పెరడు నిండింది. సాయంత్రం కోళ్ళను గంపల కింద మూసేటప్పుడు గోడ మీంచి ఆమె పెదవులు కదులుతుండేవి. లెక్కపెట్టేది. నాకంటే ముందు ఆమెకే తేలేది. "పుళ్ళిది ఇంకా రాలేదే కోడలా" అనేది. పుళ్ళిది అంటే మా చుక్కల పెట్ట. వెతికితే నిజంగానే అది ఏ కంపలోనో దాక్కుని ఉండేది. ఉపకారమే, కాదనను. కానీ ఆ ఉపకారం ఊరికే వచ్చేది కాదు. ఇవాళ ఎన్ని గుడ్లు, ఎవరు కొన్నారు, నిన్న మీ ఇంట్లో రాత్రి దాకా దీపం ఎందుకు వెలిగింది, మీ ఆయన అన్నం క్యారియరు సగం నిండుగా ఎందుకు తిరిగొచ్చింది, అన్నీ చెప్పుకోవాలి. చెప్పకపోతే ఊరుకునేదా? మా కోడి తన వడియాలు తొక్కిందని వీధంతా వినేలా అరిచేది. తల్లీ, నీకో దణ్ణం అని చెప్పేసేదాన్ని.

చెప్పకూడనిది ఒకటి వచ్చేదాకా అలాగే గడిచింది.

మా ఆయన పని బ్లో రూములో. పత్తి బేళ్ళు విప్పి, దులిపి, చెత్త తీసే చోటు. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలు, చెవుల మీద వెంట్రుకలు తెల్లగా ఉండేవి. ఆ దుమ్ము బయట ఎంత ఉందో లోపల అంతకు రెట్టింపు ఉంటుందని నాకెవరు చెప్పారు? ముందు దగ్గు వచ్చింది. తర్వాత దగ్గితే ఆగకపోవడం. ఆ తర్వాత మూడు మెట్లెక్కి గుమ్మం దగ్గర నిలబడి, ఏదో మరిచిపోయినట్టు నటించి ఊపిరి తీసుకోవడం. మిల్లులో ఎవరికీ తెలియకూడదు. మేస్త్రి కంట పడితే మిల్లు డాక్టరు దగ్గరికి పంపుతాడు, అక్కడ ఎక్స్‌రే తీస్తారు, ఛాతీలో ఏమైనా కనిపించిందా, బాగయ్యాక రా అంటారు. అలా పోయి బాగయ్యి వచ్చినవాణ్ణి నేను చూడలేదు. గేటు ముందు ప్రతి షిఫ్టుకూ బదిలీవాళ్ళు కాచుకుని ఉండేవాళ్ళు. ఒకడు రాకపోతే ఆ పూటకు ఆ చోటు వీళ్ళలో ఒకడికి దక్కేది. ఒకడు మొత్తానికే పోతే ఆ ఉద్యోగమే దక్కేది. ఆ వరుసలో పెద్దత్త కొడుకు కూడా నిలబడేవాడు.

నాటు వైద్యుడు ఒకాయన గుట్టుగా చూశాడు. తెల్లవారగానే పచ్చిగుడ్డు ఒకటి తాగాలన్నాడు. వారానికొకసారి నల్లకోడి పడుచు పెట్టను కోసి, మిరియం, వెల్లుల్లి, ఆడాతొడ ఆకు, అదే అడ్డసరం, వేసి చారు కాచి ఇవ్వాలన్నాడు. కారం వద్దు, చింతపండు వద్దు. ఛాతీలో చేరినదంతా కరుగుతుందన్నాడు. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

గుడ్లు అమ్మడం ఆపేశాను. రెండో రోజే గోడ మీంచి ప్రశ్న వచ్చింది. పొదిగేస్తున్నానని చెప్పాను. పిల్లలు బయటికి రావలసిన నాటికి పిల్లలేవే అని అడిగింది. గుడ్లు మురిగిపోయాయన్నాను. మురిగిన గుడ్లు ఎక్కడ పారేశావు, వాసనే రాలేదే అంది. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. ఆమె ముందు ఏ అబద్ధమూ అతికేది కాదు.

నల్ల పెట్టను కోసే రోజు ఎంత జాగ్రత్త పడ్డానో! మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు మిల్లు సంగు, అంటే సైరను, కూస్తుంది. అది కూస్తే పక్కన పిడుగు పడినా వినపడదు. ఆ కూత మొదలయ్యేదాకా కోడిని ఒళ్ళో పట్టుకుని కూర్చుని, కూత వినగానే కోశాను. మంట మీద కాలిస్తే వాసన వీధి దాటుతుందని వేణ్ణీళ్ళలో ముంచి ఈకలు పీకి, కరివేపాకు చెట్టు కింద గొయ్యి తీసి పూడ్చాను. ఆయన చారు తాగి, చాన్నాళ్ళకు ఒక రాత్రి దగ్గకుండా పడుకున్నాడు. ఆ రాత్రి నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కానీ అంతకు ముందే, సాయంత్రం గంపలు మూస్తుంటే, గోడ మీద ఆ పెదవులు కదిలి ఆగాయి.

"నల్లది యాడ, కోడలా?"

పిల్లి ఎత్తుకుపోయిందన్నాను.

"అట్లనా. ఈకలు ఒక్కటీ కనపడలేదే," అంది.

మర్నాటికి లైనులో అందరికీ ఒకటే మాట. మేము కోడిని కోసి తలుపేసుకుని తిన్నామని. మీకిది చిన్న విషయంగా తోచవచ్చు. మా లైనులో ఎవరింట కోడి తెగినా గోడ పక్క ఇంటికి ఒక గిన్నె కూర పోయి తీరాలి. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు, బెల్లమో గుడ్డో దోసెడు బియ్యమో వేసి ఇవ్వాలి. ఆకలి రోజుల్లో పెద్దవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది. పగపట్టినవాళ్ళు కూడా తప్పేవాళ్ళు కాదు. ఒంటిగా తిన్న ఇల్లు అనిపించుకుంటే ఇంక ఆ ఇంట్లో చావుకైనా ఎవరూ తొంగి చూడరని మా అత్త భయం.

రెండో నల్ల పెట్టను కోసిన రోజు అత్త గిన్నె తీసుకుని పొయ్యి దగ్గర నిలబడింది. నేను అడ్డం పడ్డాను. ఇది కూర కాదు, మందు, ఇస్తే బయటపడిపోతామని బతిమాలాను.

"రోగం దాచుకో, వద్దనను. గిన్నె దాచేదానికి లేదు మన కుదురులో," అంది.

ఆమె తెలివి ఆమెది. చారులోంచి నాలుగు ముక్కలు తీసి, కారం, కొబ్బరి వేసి తిరగబెట్టి కూరలా చేసింది. రంగు కూరదే, వాసనా కూరదే. ఆడాతొడ చేదు మాత్రం ముక్క ముక్కకూ పట్టి ఉంది. అది ఏ కొబ్బరికీ లొంగేది కాదు.

చీకటి పడే వేళకు పెద్దత్త గిన్నె తెచ్చి ఇచ్చింది. అందులో తాటిబెల్లం ముద్ద ఉంది. ఎప్పుడూ గోడ మీంచే మాట్లాడే మనిషి ఆ రోజు చుట్టూ తిరిగి లోపలికి వచ్చి, నా చెయ్యి పట్టుకుంది.

"ఆడాతొడ గదా," అంది మెల్లగా. "మా ఇంటాయనకి నేనూ కాస్తిని. నల్లకోడి యాడ దొరుకుతాదని పళని దాకా తిరిగితిని. జొరమని చెప్పుకుంటిమి అందరికీ. ఈ బెల్లం నంజుకోమను, దగ్గుకి మంచిది."

ఆయనా బ్లో రూములోనే పనిచేశాడట. నేను కాపరానికి రాకముందే పోయాడు. ఇన్నేళ్ళు పక్కనే ఉన్న మా అత్తకు కూడా అది జ్వరమనే తెలుసు. ఆ ఇంట్లోనూ దాచారన్నమాట. నాకు దుఃఖం ఆగలేదు. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఎవరికీ చెప్పనని నా తల మీద చెయ్యి వేసి అంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని లైనంతా ఎరుగును, అయినా నమ్మాను. ఒకే దెబ్బ తిన్నదాన్ని కాకపోతే ఇంకెవర్ని నమ్మాలి?

వారం తిరగలేదు. పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిన మనిషి సంగు కూత ఆగకముందే ఇంటికి తిరిగొచ్చాడు. చేతిలో క్యారియరు అన్నం అలాగే ఉంది. గేటు దగ్గరే మేస్త్రి ఆపాడట. అందరి ముందూ అన్నాడట, ఇంట్లో నల్లకోడి చారు కాగుతా ఉండాదంట గదా, ముందు డాక్టరుకి చూపించుకుని రా అని. నల్లకోడి చారు అన్న మాట, ఆ వైద్యుణ్ణి వదిలేస్తే, గోడకు ఇవతల ముగ్గురికీ అవతల ఒక్కరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ పూట మా ఆయన చోట్లోకి వెళ్ళిందెవరో చెప్పనక్కరలేదు. మళ్ళీ ఆ చోటు మాకు రాలేదు.

గోడ దగ్గరికి వెళ్ళాను. ఆమె అదే రాయి మీద కూర్చుని ఉంది. నేనేదో అరుస్తానని చూస్తూ ఉంది. కాదని బుకాయించలేదు, అదొక్కటే ఆమెలో మంచి.

"నా బిడ్డ ఎన్నేండ్లని ఆ గేటు ముందర నిలిచేది?" అంది. "వాడికీ ఒక పని కావల్ల గదా, కోడలా."

"నీ మొగుణ్ణి మింగిన చోటికే నీ కొడుకుని తోస్తివే, పెద్దత్తా."

"పత్తి అందర్నీ మింగదు," అంది, కోళ్ళ వైపు చూస్తూ.

నేను పత్తి వేస్టు ఏరే కొట్టంలో కూలికి చేరాను. నల్ల పెట్టలు అయిపోయాయి. ఉన్న రెండు మూడు పెట్టలు వంతులేసుకున్నట్టు పెట్టేవి, ఒక రోజు గుడ్డుంటే ఒక రోజు లేదు. ఉన్న రోజు అది ఆయనకే.

అవతలింటివాడికి మొదటి జీతం వచ్చిన రోజు వాళ్ళ పెరట్లో పుంజును కోశారు. దాపరికం దేనికి? బాహాటంగా పసుపు పూసి మంట మీద కాల్చారు, ఆ వాసన లైను చివరిదాకా పోయింది. గిన్నె వచ్చింది. నేను కూలి నుంచి వచ్చేసరికి మా ఆయన ఆ కూరతో అన్నం తిని, గిన్నె అంచుకు అంటిన మసాలా వేలితో తీసుకుంటున్నాడు. ఎన్నాళ్ళో అయింది ఆయన కారం తిని. నన్ను చూసి చెయ్యి ఆపాడు. నాకు కడుపు మండిపోయింది, ఆయన మీద కాదు. తినండి అన్నాను.

గిన్నె ఖాళీగా పోకూడదు కదా. ఇంట్లో బెల్లం లేదు, బియ్యం మరునాటికి చాలవు. ఆ రోజు గుడ్డు ఒకటుంది. అత్త నా వైపు చూసి తల దించుకుంది. కడిగిన గిన్నెలో ఆ గుడ్డు పెట్టి గోడ మీంచి అందించాను. పెద్దత్త దాన్ని రెండు వేళ్ళతో తీసి, వెలుతురుకు పెట్టి చూసింది.

"చిన్నదిగా ఉండాదే. తొలి గుడ్డా? పుళ్ళిదాని పిల్ల పెట్టబట్టిందా?"

అవునన్నాను. ఇంకేం చెప్పను? రేపు తెల్లారి మా ఆయన గొంతులో పడాల్సిన గుడ్డు అది అని చెప్పినా, దేనికి, ఏ పూటకు, ఎన్ని రోజులకు అని అడిగి ఉండేది.

ఆ ఏటి వానలు వెనకబట్టకముందే ఆయన పోయాడు. అందరికంటే గట్టిగా ఏడ్చింది పెద్దత్తే. ఏడ్చి, ముక్కు చీది, పుట్టింటి నుంచి వచ్చిన మా తమ్ముణ్ణి పక్కకు పిలిచి, మిల్లువాళ్ళు ఎంత ఇచ్చారని అడిగిందట. అత్త కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. నేను ఇల్లు మారలేదు. ఎక్కడికని మారను? కోళ్ళను మాత్రం మానలేదు. వాటికి నేను కావాలి, నాకు అవి కావాలి. ఆమెతో మాటలు మానేశాను. సాయంత్రాలు గోడ మీంచి ఆమె పెదవులు కదిలేవి, నేను అటు తిరిగేదాన్ని కాదు.

కొన్నేళ్ళు గడిచాక ఒక తెల్లవారుజామున గోడకు అవతల దగ్గు వినపడింది. పక్కమీద లేచి కూర్చున్నాను. ఆ దగ్గు నాకు తెలుసు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఆగాక ఊపిరి ఎంతసేపు పడుతుందో అన్నీ తెలుసు. సంతోషించానా అంటే లేదు. జాలిపడ్డానా అంటే అదీ లేదు. లేచి వెళ్ళి కోళ్ళ గంపలు ఎత్తాను.

తర్వాత వాళ్ళ అరుగు మీద ఎండబెట్టిన ఆడాతొడ ఆకు చూశాను. అటు చూడనట్టే వెళ్ళిపోయాను.

ఒక సాయంత్రం నేను గంపలు మూస్తుంటే ఆమె గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. నడుం వంగిపోయింది. నా పెరట్లో ఏ రంగు కోళ్ళు ఎన్ని ఉన్నాయో నాకంటే బాగా ఎరిగిన మనిషి, తెలియనట్టే అడిగింది.

"నల్ల పెట్ట ఒకటి ఉండాదా, కోడలా?"

ఒకటే ఉంది. పడుచుది, ఇంకా గుడ్డుకు రాలేదు. గంప ఎత్తి, కాళ్ళు పట్టుకుని తీసి, గోడ మీంచి ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె ఏదో చెప్పబోయింది. దేనికో, ఎవరికో, ఎన్నాళ్ళ నుంచో, అంతా చెప్పడానికే నోరు తెరిచింది.

"ఏమిటికని నేను అడగను, పెద్దత్తా," అన్నాను.

గంప మూసి లోపలికి వచ్చాను. ఆ కోడిని ఆమె ఎప్పుడు కోసిందో నాకు వినపడలేదు. మర్నాడు మధ్యాహ్నం సంగు మాత్రం కూసింది.