బేరింగులకు చింతపండు

ఒక్క అడుగు నడవకముందే కారు ఇంజను అరిగిపోవడం మీరెక్కడైనా విన్నారా? గద్వాలలో మా ఇంట్లో జరిగింది. అరగదీసింది నేనే. వరండాలో పీట మీద కూర్చుని, కొబ్బరి పీచు పట్టుకుని, ఎవరూ అడగకుండానే. ఆ రోజు మంగళవారం. తారీఖు కూడా చెప్పగలను గాని, చెబితే మా ఆయన ఏటా ఆ రోజును పండుగలా చేసి నన్ను వేధిస్తాడు. అందుకే చెప్పను.

అప్పుడు నేను చిన్నదాన్ని. యాభై తొమ్మిదేళ్లు. ఇప్పుడు డెబ్బై దాటాను కాబట్టి దాన్ని చిన్నతనమనే అంటాను. బడిలో లెక్కలు చెప్పి ఏడాది కింద రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు పిల్లల నోటుపుస్తకాల్లో తప్పులు వెతికిన కళ్లు ఖాళీగా కూర్చోమంటే కూర్చుంటాయా? ఇంట్లో మురికి వెతకడం మొదలుపెట్టాయి.

మా ఆయనది కిరాయి కారు, పాత అంబాసిడర్. పెబ్బేరు సంతకు బేరగాళ్లను, శ్రీరంగాపూర్ గుడికి పెళ్లివాళ్లను, కర్నూలు దవాఖానకు నొప్పులు పడే ఆడవాళ్లను మోసీ మోసీ, చివరికి ఇటుకబట్టీలాగా పొగ వదలసాగింది. సరిగ్గా అప్పుడే మా బిడ్డ సుజాత తొలికాన్పుకు ఇంటికొచ్చింది. వచ్చే సోమవారం చేరమని కర్నూలు డాక్టరమ్మ చెప్పింది.

"ఈ గద్వాలల ఎంతమంది బాలింతలను ఇంటికాడ దింపిన," అన్నాడు మా ఆయన. "నా బిడ్డ పసిపిల్లను ఎత్తుకోని వేరేటోని బండిల వస్తె నేనేం మొఖం పెట్టుకోని తిరగాలె?"

నవ్వుతూనే అన్నాడు గాని, అంటూనే పోయి బానెట్టు ఎత్తాడు. మోకాళ్లు సహకరించక కిరాయిలు మానేసే దశలో ఉన్నాడు. కారుతో చెయ్యాలనుకున్న పని ఇదొక్కటే మిగిలింది.

అట్లా ఇంజను మా పెరట్లో విప్పబడింది. పక్కవీధి మెకానిక్కు ఖాజా భాయ్ సాయంత్రాలు వచ్చి దారి చూపేవాడు. ఇంజనులో తిరిగే పెద్ద ఇరుసును కర్నూలులో సానబట్టించారు. సాన పడితే ఇరుసు సన్నబడుతుంది కదా, ఆ కొలతకు సరిపోయే కొత్త బేరింగులు హైదరాబాదు నుంచి తెప్పించారు. విడిభాగాలు కడిగే ఉద్యోగం నాకిచ్చారు.

"కిరోసిన్ల కడుగు, పాత గుడ్డతోని తుడువు, పక్కన పెట్టు. గంతే టీచరమ్మా. నీ తెలివి వాడకు," అన్నాడు మా ఆయన.

"నా తెలివి వాడకుండనే నడిచిందా నీ సంసారం?" అన్నాను.

నేను ఇంజను మీది మూతను కడిగి ఊరుకోలేదు. తోమాను. ఖాజా భాయ్ దాన్ని ఎత్తి చూసి, "వదినా, దీంట్ల చూసుకుంట గడ్డం గీసుకోవచ్చు," అన్నాడు. నన్ను చెడగొట్టింది ఆ మాటే. తిట్టినవాళ్ల వల్ల నేనెప్పుడూ చెడలేదు.

మంగళవారం ఇద్దరూ ఏవో గాస్కెట్ల కోసం రాయచూరు పోయారు. పోయేముందు కొత్త బేరింగుల పొట్లాలు విప్పి, కొలత చూసి, తెల్లగుడ్డ మీద వరసగా పెట్టారు. సగానికి విరిచిన కడియాల్లా ఉన్నాయి. మొత్తం పద్నాలుగు ముక్కలు. లోపలివైపు చూద్దునుకదా, మబ్బు పట్టిన ఆకాశంలా బూడిదరంగు. నాకు కడుపు మండింది.

సుజాత వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుని మామిడికాయ ముక్క చప్పరిస్తున్నది. "అమ్మా, అవి కొత్తవి గదనే. వాటినేం చేస్తున్నవ్?"

"కొత్తవంట. కొత్త సామాను మొఖం గిట్లుంటదా? మీ నాయిన అమాయకుడు. షాపోడు ఏండ్ల సంది మూలకు పడ్డవి అంటగట్టిండు."

"నాయిన తోమమన్నడా?"

"అన్నీ అడిగి చేస్తమా?"

పీచుతో ఒక అంచు గట్టిగా గీకాను. బూడిదరంగు కింద ఎర్రగా ఏదో తళుక్కుమంది. "సూడు, లోపల రాగి ఉన్నది. మంచి రాగిని మురికిల పెట్టి అమ్మిన్రు."

"అమ్మా, నాకెందుకో భయమైతుంది."

"నెలలు నిండితే గట్లనే ఉంటది."

చింతపండు నానబెట్టాను. ఉప్పు కలిపాను. ఇటుకపొడి జల్లించాను, గరుకు ఉంటే గీతలు పడతాయని. చూశారా, జాగ్రత్తకేం తక్కువలేదు. గంటా నలభై నిమిషాలు రుద్దాను. పద్నాలుగు ముక్కలూ పెళ్లికూతురి చెంపల్లా ఎర్రగా మెరిశాయి. స్టీలు పళ్లెంలో పేర్చి, మీద తువ్వాలు కప్పి, స్నానం చేసి, చీర మార్చుకుని కూర్చున్నాను.

వాళ్లు రాగానే తువ్వాలు తీశాను.

ఖాజా భాయ్ ముందు బేరింగుల వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, ఏంతోని తోమినవ్?"

"చింతపండు, ఉప్పు, ఇటుకపొడి. నీకు గూడ తెల్వలేదా ఖాజా భాయ్, మీకు పాతవి ఇచ్చిన్రు. మురికంత తీసిన."

"అది మురికి గాదు వదినా. పూత. ఇరుసుకు గీత పడకుండ పైన మెత్తటి లోహం పూస్తరు, వెంట్రుక కన్న సన్నగ. అది పోయి రాగి కనబడ్డదంటె బేరింగు పని అయిపోయినట్టే."

"అయిపోయినట్టంటే?"

"మామూలుగ గట్ల అరగాల్నంటె బండి అరవై వేల కిలోమీటర్లు తిరగాలె. నువ్వు పీట మీద కూసోని తిప్పినవ్."

ఆ దుఃఖంలో కూడా నా బుర్ర ఊరుకోలేదు. గంటా నలభై నిమిషాలంటే వంద నిమిషాలు. నిమిషానికి ఆరువందల కిలోమీటర్లు. అంత వేగంతో అంబాసిడర్ నడిపిన ఆడమనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా ఆయన ఒక ముక్క తీసి వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి కూడా.

"ముప్పై ఏండ్ల సంది బండ్లు చూస్తున్న," అన్నాడు. "బేరింగుల మీద ఇంత మెరుపు ఎన్నడు చూడలే."

అని లోపలికి పోయి కొబ్బరినూనె సీసా తెచ్చాడు. "చెయ్యి ఇటియ్యి."

ఇటుకపొడికి, చింతపండుకు నా వేళ్ల కొసలు చెక్కుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్క వేలికీ నూనె రాశాడు. సిద్ధం చేసుకున్న నాలుగు జవాబుల్లో ఒక్కటీ పనికిరాలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన ఇంకా మంచిగా మాట్లాడతాడని భయమేసి ఆపుకున్నాను.

ఆ కొలత బేరింగులు మళ్లీ రావాలంటే వారం పైనే పడుతుందన్నారు. సోమవారం కిరాయి జీపులో కర్నూలు పోయాం. మా ఆయన డ్రైవరు పక్కన కూర్చుని, లేని బ్రేకును దారిపొడుగునా తొక్కుతూనే ఉన్నాడు. ఆపరేషనైంది. ఆడపిల్ల. పిల్లను కళ్లారా చూసుకుని ఆయన గద్వాలకు బస్సెక్కాడు. "మీరు ఇంటికొచ్చేనాటికి బండి తెస్త," అన్నాడు. నేను తల ఊపాను. నమ్మి కాదు, తప్పు నాది కాబట్టి.

ఇంటికి పంపే రోజు రానే వచ్చింది. బేరింగులు ముందటి రోజే చేరాయని, రాత్రంతా బిగిస్తున్నారని ఖాజా భాయ్ ఫోను చేశాడు. ఆ తర్వాత మాట లేదు. పన్నెండైంది. మంచం ఖాళీ చెయ్యమని నర్సు అన్నది. గేటు దగ్గర ఒక డ్రైవరు వచ్చి, "కారు గావాల్నా పెద్దమ్మా?" అన్నాడు.

"పోదామే అమ్మా," అన్నది సుజాత. "కుట్లు నొస్తున్నయ్."

"జరసేపు ఆగుదాం బిడ్డా."

ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చిన పిల్లలను గుమ్మం బయట నిలబెట్టిన టీచరును నేను. ఆ రోజు మూడు గంటలు గేటు వైపే చూస్తూ నిలబడ్డాను. మూడు దాటాక తెల్ల అంబాసిడర్ ఒకటి ఊరేగింపులా మెల్లగా లోపలికొచ్చింది. పొగ లేదు. దిగిన మనిషి మాత్రం పొగలోంచే పుట్టినట్టున్నాడు. పిల్లను అందుకోవడానికి చేతులు చాపాడు.

"తాతా, ముందు చేతులు కడుక్కోపో," అన్నది నర్సు.

రెండుసార్లు కడిగినా నలుపు పోలేదు. ఆయన చేతుల మీద తువ్వాలు పరిచి, దాని మీద పిల్లను పెట్టాను. తాతా మనుమరాలూ ఒకరినొకరు చూసుకున్నారు.

గద్వాల దాకా ముప్పై దాటకుండా నడిపాడు. వడ్ల సంచులతో పోతున్న ట్రాక్టరు కూడా మమ్మల్ని దాటిపోయింది.

"జర తొందరగ పోనీయరాదు?" అన్నాను.

"కొత్త బేరింగులు, కొత్త పిల్ల. మెల్లగ అలవాటు చెయ్యాలె," అన్నాడు.

తెల్లారి పిల్లకు స్నానం నేనే చేయించాను. పీట మీద కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి శెనగపిండి అద్దాను. భుజాల మీద, వీపు మీద సన్నగా పొట్టు లేస్తున్నది. పుట్టిన పిల్లలకు అది మామూలే. దానంతట అదే పోతుంది. అది తెలుసు గాని, నా వేళ్లకు తెలియదు కదా. అవి వాటి పని మొదలుపెట్టాయి.

గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మా ఆయన, "టీచరమ్మా," అన్నాడు.

"ఏంది?"

"ఆపు."

"పొట్టు లేస్తుందయ్యా. జర తీసేస్త."

"తియ్యకు. దాని కింద రాగి లేదు," అన్నాడు. "గిది పాడైతే హైదరాబాదుల గూడ దొరకదు."

లోపలి మంచం మీద నుంచి సుజాత, "నవ్వియ్యకు నాయినా, కుట్లు గుంజుతున్నయ్," అని మూలిగింది.

కాళ్ల మీద మనుమరాలు, చేతులకు శెనగపిండి. ఆ స్థితిలోనే నేను ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ వస్తువు మీదైనా సరే, మురికి ఎంతవరకో, వస్తువు ఎక్కడి నుంచో తెలిసినవాళ్లను అడిగిగాని చెయ్యి పెట్టను. ఇన్నేళ్లుగా మాట తప్పలేదు. రాగి బిందెలకు, మా ఆయన వీపుకు మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నాను.