అవిసె జిగురూ మా మేనత్తా

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో ఈ లోకంలో నాకు రెండే బాధలుండేవి: పొద్దున కంపెనీ బస్సు తప్పిపోతుందేమోనన్నది ఒకటి, నా జుట్టు రెండోది. ఇబ్రహీంపట్నంలో ఎక్కి ఆదిభట్లలో దిగే ఆ బస్సులో అమ్మాయిలందరి జుట్టూ భుజాల మీద బుద్ధిగా పడుకుని ఉండేది. నాది మాత్రం రింగులు తిరిగి, ఎండిపోయి, కొబ్బరి పీచులా నలువైపులా లేచి నిలబడేది. (వెనక కూర్చున్నవాళ్లకు తుమ్ములొచ్చేవట.) అందుకని రోజూ తెల్లవారగానే స్ట్రెయిట్‌నర్ వేడి చేసి దాన్ని సాగదీసేదాన్ని. ఇల్లంతా మాడు వాసన. బాపు నిద్రలోంచే "పొయ్యి మీద ఏమన్న పెట్టి మరిచిండ్రా?" అని అడిగేవాడు.

ఆఫీసులో నా పక్క సీటు అక్క నాదర్‌గుల్ నుంచి వచ్చేది. ఆమెవీ రింగులే, కానీ ఒక్క వెంట్రుక కూడా మాట తప్పేది కాదు. ఒకరోజు టీ తాగుతూ నా జుట్టు కొసలు పట్టి చూసి, "దీన్ని కాల్చి కాల్చి చంపుతున్నవ్ పిల్లా. గా ఇస్త్రీ బంజెయ్. అవిసె గింజలు నీళ్లల్ల ఉడకబెడితే జిగురొస్తది. వడగట్టి తడి జుట్టుకు పట్టియ్యి. ఆరేదాక దువ్వెన ముట్టకు" అంది.

ఆ ఆదివారం అమ్మా బాపూ కందుకూరులో పెళ్లికి పోయారు. ఇంట్లో నేనూ నానమ్మా మిగిలాం. నానమ్మకు అప్పటికే చూపు బాగా మందగించింది, మనుషులు ఆమెకు నీడల్లా కనిపించేవారు. అన్నం తిని ముందు గదిలో మంచం మీద నిద్రపోయింది. నేను అవిసె గింజలు ఉడకబెట్టి గుడ్డలో వేసి పిండాను. (జలుబు చేసిన పిల్లవాడి ముక్కు తుడిచిన అనుభవం ఉన్నవాళ్లకు అదెలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.) తలస్నానం చేసి, జిగురు పట్టించి, జుట్టు విరబోసుకుని ముందు గదిలోకి వచ్చేసరికి ఆకాశం మబ్బు పట్టింది, కరెంటు పోయింది. పట్టపగలే గది చీకటిగా మారింది. ఫ్యాన్ ఆగిపోయాక నా జుట్టు నుంచి గచ్చు మీద పడుతున్న చుక్కల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"చిట్టీ" అంది నానమ్మ.

చిట్టి అంటే బాపు చెల్లెలు, నా మేనత్త. నేను పుట్టకముందే, పెళ్లికాని వయసులోనే, పొలం దగ్గరి బావిలో జారిపడి పోయింది. తర్వాత ఆ బావినీ పూడ్చేసి ప్లాట్లు చేశారు. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు. నాకు ఆమె జుట్టే వచ్చిందని మాత్రం చుట్టాలు గొంతు తగ్గించి అనుకునేవారు.

"ఎప్పుడొచ్చినవ్ బిడ్డా? గట్ల నిలబడ్డవేంది? ఇటు రా."

"నేను, నానమ్మా" అని చెప్పాలనుకున్నాను. కాళ్లు మాత్రం నన్నడక్కుండానే మంచం దాకా తీసుకుపోయాయి. కింద కూర్చున్నాను. నానమ్మ చెయ్యి తడుముకుంటూ వచ్చి నా జుట్టులో ఆగింది.

"ఇంక తడి ఆరనే లేదు" అంది. వేళ్లు జిగురులో జారాయి. "అయ్యో, పాచి పట్టింది గదనే. ఇన్నేండ్లు నీళ్లల్లనే ఉన్నవ్ గద."

(అది పాచి కాదు, కిరాణా కొట్టు అవిసె గింజలని చెప్పడానికి అది సమయం కాదని మీరూ ఒప్పుకుంటారు.) నేను మంచం కోడు గట్టిగా పట్టుకున్నాను. నానమ్మ ఒక్కో పాయా విడదీస్తూ, పసిపిల్లకు చేసినంత మెల్లగా చిక్కులు తీయడం మొదలుపెట్టింది.

"ఆ రోజు నిన్ను కొట్టిన. ఎన్నడు కొట్టనిదాన్ని. నువ్వు అలిగి బాయి కాడికి పోతివి. నా మీద కోపం పోయిందా, చిట్టీ?"

కొట్టిన సంగతి ఎవరూ అనగా నేను వినలేదు. నానమ్మ వేళ్లు నా జవాబు కోసం జుట్టులోనే ఆగాయి. అప్పుడు నా నోటి నుంచి మాట వచ్చింది. నేను అన్నాననడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు, వచ్చిందనే అంటాను.

"పోయిందమ్మా. దువ్వెన ఇరిగితే ఇరిగింది, ఫికర్ జేయకు."

నానమ్మ పెద్దగా ఊపిరి వదిలింది. "అవ్, దువ్వెననే గద" అని చిన్నగా నవ్వి, గోడవైపు తిరిగి పడుకుంది. నేను కరెంటు వచ్చేదాకా అక్కడే ఉండిపోయాను. ఫ్యాన్ తిరిగేసరికి నా జుట్టు గట్టిపడి, నూనెలో వేగిన జంతికల్లా ఉంది.

సాయంత్రం అమ్మా బాపూ రాగానే నానమ్మ, "చిట్టి వచ్చిపోయింది. జుట్టు ఎంత మంచిగ చేసుకున్నదో. మన పిల్ల గూడ జర నేర్చుకుంటే బాగుండు" అంది. బాపు పెరట్లోకి వెళ్లాడు. నేను అమ్మను వంటింట్లోకి లాగి జరిగిందంతా చెప్పాను. గొలుసు తీస్తున్న అమ్మ చెయ్యి దువ్వెన మాట దగ్గర ఆగిపోయింది.

"దువ్వెన ఇరిగినందుకే కొట్టిందని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే. నానమ్మ గూడ దువ్వెన పేరెత్తలే. గట్ల వచ్చేసింది."

"మీ బాపు నాకొక్కదానికే చెప్పిండు. మల్ల ఎన్నడు ఎత్తొద్దని ఒట్టేయించుకున్నడు."

చిన్నప్పుడు నిద్రమత్తులో ఎప్పుడో విని ఉంటానని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటాను, ముఖ్యంగా కరెంటు పోయినప్పుడు.

సోమవారం జంతికల్ని అరచేతులతో నలిపితే రింగులు మెత్తగా, మెరుస్తూ విడిపోయాయి. బస్సు డ్రైవరన్న నన్ను ఆపి, "కొత్తగ చేరినవా అమ్మా?" అన్నాడు. కార్డు చూపిస్తే ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూసి, నమ్మకం లేకుండానే ఎక్కనిచ్చాడు.

నానమ్మ ఆ తర్వాత కొన్నేళ్లు ఉంది. చిట్టిని మళ్లీ పిలవలేదు. కానీ నా తలకు నూనె రాసినప్పుడల్లా, "మీ అత్త జుట్టు ముంగట నీదేం జుట్టు పిల్లా" అని దెప్పేది. నేను ఊ కొట్టేదాన్ని. తన జుట్టును చూసి తానే అసూయపడిన మనిషి ఈ మండలంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇప్పుడు ఆ రింగుల్లో అక్కడక్కడా తెల్లవి చేరాయి. ఒక్కోసారి వాటిని సర్దుకుంటుంటే, ఆ చీకటి మధ్యాహ్నం గచ్చు మీద వణుకుతూ కూర్చున్న అమ్మాయి గుర్తొస్తుంది. లేచి వీధిలోకి పరుగెత్తాలని ఆమెకెంతగా అనిపించిందో నాకు తెలుసు. అయినా కూర్చుంది. ఆ పిచ్చిపిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది.