బాణం దాటిన గీతలు

ఉసూరు అనే అడవి పల్లెలోని దవాఖానాలో ఊడ్చే పని ఉప్పలమ్మది. అంకెలు రావు. కానీ రోగి చంకలోంచి థర్మామీటర్ తీసి, మామూలు ఒంటి వేడి దగ్గరుండే ఎర్ర బాణం నుంచి పాదరసం ఎన్ని చిన్న గీతలు ఎక్కిందో వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టేది. ఇరవై ఎనిమిదికి చేరితే కాంపౌండరు సీతారాములు నూట నాలుగని రాసుకుని క్వినైన్ సూది వేస్తాడని ఎప్పుడో కనిపెట్టింది. ఆ తెలివి గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒక వానాకాలం ఆ థర్మామీటర్ పగిలింది. జగదల్‌పూర్ నుంచి కొత్తది వచ్చింది. అదే వారం చింతలనార్ వైపు నుంచి సన్న అనే రైతు తన భార్య దేవేను మంచం మీద మోయించుకొచ్చాడు. ఆమె కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మందు మింగే స్థితిలో లేదు.

సీతారాములు థర్మామీటర్ చూశాడు. "నలభై అట. నలభైల మనిషి బతుకుతడా? ఇది పాడైన సరుకు."

సూదిమందు ఒక్క మోతాదే మిగిలింది. నూట నాలుగు లేనిదే వేయకూడదని పైవాళ్ళ ఉత్తర్వు. కంబళ్ళు కప్పమన్నాడు. చెడ్డవాడు కాడు, కాగితం దాటి ఆలోచించడు, అంతే.

ఉప్పలమ్మకు ఒళ్ళు మండింది. "అయ్యా, బాణం దాటి ముప్ఫై గీతలెక్కింది. పాతదాంట్ల ఇరవై ఎనిమిదికే ఏసెటోనివి."

"గీతలతోని ఏమైతది? అంకె ఏంది?"

"అంకె నాకు రాదు. నువ్వే ఆమె చంకల చెయ్యి వెట్టి చూడు."

పెట్టాడు. నిప్పులా ఉంది. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే సూది వేశాడు.

మూడో రోజు దేవే జావ అడిగి తాగింది.

తర్వాతి వారం తనిఖీకి వచ్చిన డాక్టరు సంగతి విడమరిచాడు. పాతది ఫారన్‌హీట్, కొత్తది సెంటిగ్రేడ్. నలభైని తొమ్మిదితో హెచ్చవేసి, ఐదుతో భాగించి, ముప్ఫై రెండు కలిపితే నూట నాలుగు. పాతదాంట్లో డిగ్రీకి ఐదు చిన్న గీతలు, దీంట్లో పది. అందుకే ఒక్కో గీత వేడి రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే.

డాక్టరు వెళ్ళాక సీతారాములు అడిగాడు, "నీకు ఇయ్యన్నీ తెల్వయి గద ఉప్పలమ్మా. మరి అంత గట్టిగ ఎట్ల చెప్పినవ్?"

"నా పెద్దబిడ్డ గిట్లనే వణికింది," అంది ఉప్పలమ్మ. "చేతులు సల్లగున్నయని కంబళ్ళు నేనే కప్పిన."