జపాన్‌లో నేను పూడ్చిన సముద్రం

సముద్రం మీద వారధి కట్టినవారున్నారు, సముద్రాన్ని పుక్కిట పట్టి తాగేసినవారున్నారు. సముద్రాన్ని పూడ్చి వరి నాటినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అదీ అమెరికాలో, వర్జీనియా ఆష్‌బర్న్‌లో, మా అమ్మాయి ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని, చిటికెన వేలంత కుంచెతో. ఆ ఘనకార్యం ఒక తొంభై ఏళ్ళ పెద్దావిడ పుట్టినరోజుని ఎలా ముంచబోయిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ మెల్లిగా. మా పక్కింటావిడకి తెలుగు రాదు గానీ నవ్వు మాత్రం బాగా అర్థమవుతుంది.

నేను ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. బెజవాడలో ముప్ఫై ఏళ్ళు దుకాణాల బోర్డులు రాశాను. డిగ్రీలున్నవాళ్ళు తెచ్చిన బొమ్మల్లో తప్పులు పట్టి, అడక్కుండానే దిద్ది పంపడం నా వ్రతం. పాల డిపో ఆయన కొమ్ముల్లేని ఆవు బొమ్మ తెస్తే, జాలిపడి రెండు కొమ్ములు మొలిపించాను. కొమ్ముల్లేని ఆవులు కూడా ఉంటాయని వర్జీనియా వచ్చాకే తెలిసింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా? వచ్చి ఉంటే మీరు ఇది చదివేవారు కాదు.

పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఆరు, కుర్రతనం. పక్కింటి హనాకో గారు, జపాన్ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవారి బిడ్డ, తమ గోడ మీది పాత బొమ్మ ఒకటి పట్టుకొచ్చారు. మన పెడన అద్దకంలాగే చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దినది. జపాన్‌కి రైలు కొత్తగా వచ్చిన రోజుల బొమ్మ. ఎర్ర ఇటుకల మేడ, వీధి దీపం, టెలిగ్రాఫ్ తీగలు, పైన కోటూ టోపీ కింద చెక్క చెప్పులూ వేసుకున్న పెద్దమనిషి. ఆయన్ని నేనేమీ అనలేదు. డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో నేను దిగింది కూడా సూటూ హవాయి చెప్పులతోనే.

"ఎండకి రంగులన్నీ వెలిసిపోయాయి. వచ్చే నెలాఖరుకి మా అక్క మిచికోకి తొంభై నిండుతాయి. చిన్నప్పుడు ఈ బొమ్మ కిందే పడుకునేది. దీన్ని మీ చేత్తో మళ్ళీ వేసిస్తారా? ఉన్నది ఉన్నట్టుగా," అన్నారావిడ. ఆవిడ ఇంగ్లీషుని నా తెలుగులోకి దింపుతున్నాను. నమ్మండి, ఏమీ దిద్దలేదు.

"అదెంత పని!" అన్నాను.

బేస్‌మెంట్‌లో లైటు కింద పెట్టి చూద్దును కదా, రైలు సముద్రంలో పోతోంది! అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, పక్కనే మూడు చేపల పడవలు.

"లావణ్యా!" అని కేకేశాను. మా అమ్మాయి లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

"ఏంటి నాన్నా? మీటింగ్‌లో ఉన్నాను."

"ఈ జపాన్ వాడు జన్మలో రైలు చూడలేదే! నీళ్ళలో నడిపించాడు. ఇంజిన్‌లో నిప్పు ఆరిపోదూ?"

"హనాకో ఆంటీ ఏమన్నారు?"

"ఉన్నది ఉన్నట్టు వేయమంది."

"అయితే వేసెయ్. రిక్వైర్‌మెంట్ క్లియర్‌గా ఉందిగా."

"తప్పు కూడానా?"

"తప్పో కాదో ఒక్క కాల్ చేసి అడుగు. మేమైతే క్లయింట్‌ని అడక్కుండా కామా కూడా మార్చం."

"అందుకే మీ సాఫ్ట్‌వేర్లు అలా ఏడుస్తున్నాయి. బెజవాడ స్టేషన్ పక్కన ముప్ఫై ఏళ్ళు బతికినవాణ్ణి. రైలు సంగతి నేనొకర్ని అడగాలా?"

"నాన్నా, ప్లీజ్. అది వాళ్ళ అక్కకి బర్త్‌డే గిఫ్ట్. పాడు చేయకు."

"పాడు చేయడమా? బాగు చేస్తున్నాను!"

అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు. నేను సముద్రాన్నే అడుసు చేసి తొక్కాను. ఆరు వారాల్లో అదంతా పచ్చటి వరిమడి అయింది. కృష్ణా డెల్టా చూస్తే కుళ్ళుకుని చచ్చేంత పచ్చన. రెండు పడవలు ఎడ్లబళ్ళయ్యాయి. మూడో పడవలో వెదురు టోపీ పెట్టుకుని తెడ్డు పట్టుకున్న మనిషి నిలబడ్డ తీరు నచ్చింది. అతనికి ప్రత్యేకంగా జోడెడ్లనీ నాగలినీ ఇచ్చాను.

పుట్టినరోజు మధ్యాహ్నం హనాకో గారి హాల్లో పాతికమంది. మిచికో గారు కాలిఫోర్నియా నుంచి వచ్చారు. పిచ్చుకంత మనిషి, సూదుల్లాంటి కళ్ళు. బొమ్మకి చుట్టిన కాగితం విప్పారు. హాలంతా చప్పుడు ఆగిపోయింది. మెచ్చుకోలుకి ముందు వచ్చే నిశ్శబ్దం కాబోలనుకుని నేను వినయంగా చేతులు కట్టుకున్నాను.

హనాకో గారు నా పక్కకి వచ్చారు. "సముద్రం ఏదండీ?"

"తీసేశాను. రైలు నీళ్ళలో ఎలా పోతుంది చెప్పండి? పాపం ఆ చిత్రకారుడు చూడకుండా వేశాడు."

"చూసే వేశాడు. ఒడ్డున స్థలం దొరక్క, సముద్రంలో కట్ట పోసి దాని మీద పట్టాలు వేశారు. మా దేశంలో మొదటి రైలు అలాగే నడిచింది."

నా కాళ్ళ కింద కార్పెట్ సముద్రమైంది. "మరి ఆ పడవలు..."

"వెదురు టోపీ మనిషి మా తాతయ్యేనని మా ఇంట్లో చెప్పుకుంటాం. చేపలు బెదిరిపోతున్నాయని రోజూ రైలుని తిట్టేవాడట. ఆయన చేతికి మీరు నాగలి ఇచ్చారు."

లావణ్య నావైపు చూడలేదు. అదే పెద్ద తిట్టు. నేను మిచికో గారి ముందుకెళ్ళి, "అమ్మా, తప్పయింది," అన్నాను. ఆవిడ చెయ్యెత్తి ఆగమన్నారు. నాగలి పట్టిన మనిషిని ముక్కు ఆనించి చూస్తున్నారు. భుజాలు కదులుతున్నాయి. తొంభై ఏళ్ళ మనిషిని ఏడిపించానురా భగవంతుడా అనుకున్నాను.

ఆవిడ తలెత్తారు. నవ్వుతున్నారు.

"ఆ నీళ్ళు వదిలేసి రెండు మడులు చేసుకుందామని మా నాయనమ్మ నలభై ఏళ్ళు మొత్తుకుంది. తాత వినలేదు. నువ్వు ఆరు వారాల్లో ఎలా ఒప్పించావయ్యా?"

నవ్విన నాపచేనే పండుతుందంటారు. నా చేను మాత్రం పండాకే నవ్వులపాలైంది. పాతికమందీ నవ్వారు, అందరికంటే గట్టిగా మా అమ్మాయి.

"ఇది నాయనమ్మ బొమ్మ, నాకే కావాలి," అన్నారు మిచికో గారు. "తాత బొమ్మ ఇంకొకటి వేసిపెట్టు. నీళ్ళతో."

వేశాను. అల అలా లెక్కపెట్టి వేశాను. మధ్యలో ఒకచోట చెయ్యి ఆగింది. రైలు మీది జెండాలు వెనక్కి ఎగురుతుంటే, పొగ ముందుకి పోతోంది! ఈసారి బుద్ధిగా ఫోన్ చేసి అడిగాను. హనాకో గారు మా బేస్‌మెంట్‌కి వచ్చి బొమ్మ చూసి, "అది మాత్రం చిత్రకారుడి తప్పేనండీ," అన్నారు.

అందుచేత అష్టదిక్పాలకులూ, వర్జీనియాలోని కొమ్ముల్లేని సమస్త ఆవులూ సాక్షిగా, కుంచె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: రైలు సముద్రంలో పోనీ, చెట్టెక్కనీ, నేనిక ఎవరి బొమ్మా దిద్దను. ఆ పొగని ముందుకే పోనిచ్చాను.

చెయ్యి మూడు రోజులు దురద పెట్టింది.