స్టీరింగ్ పక్కన ఎర్ర బల్బు

మొన్న మా అమ్మాయి కారులో వెళుతుంటే ముందు పోలీసులున్నారని ఆమె ఫోన్ తియ్యటి గొంతుతో చెప్పింది. అమ్మాయి నవ్వుతూ వేగం తగ్గించింది కాని, పక్కన కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది.

ఎనభైల తొలినాళ్లలో అమెరికాలోని ఈ ట్రాయ్‌లో కాపురం పెట్టిన నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన మగవాళ్లకు కారు జోరుగా నడపాలనీ ఉండేది, పోలీసు జరిమానా టికెట్ పడితే సిటిజన్‌షిప్ రాదేమోనన్న బెదురూ ఉండేది. అందుకని పోలీసులు వేగం కొలిచే రాడార్‌ను ముందే పసిగట్టే డిటెక్టర్లు కొనేవారు, వాటిని దొంగల కంటా పోలీసుల కంటా పడకుండా ఎవరెంత గుట్టుగా బిగించారన్నదే శనివారం విందుల్లో వాళ్ల గొప్ప. మా ఆయనా, ఆయనతో కార్ల కంపెనీలో పనిచేసే స్నేహితుడూ ఒక ఆదివారమంతా మా గరాజ్‌లో దూరి, డిటెక్టర్ పెట్టెను ముందు గ్రిల్ వెనక దాచి, వైరును కార్పెట్ కిందుగా లాక్కొచ్చి, స్టీరింగ్ పక్కన శనగగింజంత ఎర్ర బల్బు పెట్టారు. పకోడీలు తీసుకెళ్లిన నేను అదేమిటని అడిగితే, ఇంజిన్ బాగోగులు చెప్పే బల్బన్నారు మా ఆయన. స్నేహితుడు తలొంచుకుని పకోడీ నమిలాడు.

అప్పుడే ఊరి అవతల ఆసుపత్రి లాబ్‌లో నాకు ఉద్యోగం ఖాయమైంది. ఎమ్మెస్సీ చదివి గిన్నెలు తోముతున్నదాన్ని, నేల మీద నిలవలేకపోయాను. బస్సు లేదు, చేరే రోజులోగా లైసెన్స్ తెచ్చుకోవాలి. ఆయనకది ఇష్టం లేదు, వద్దంటే నలుగురిలో చిన్నతనం, అందుకని నేర్పిస్తానంటూ సూపర్‌మార్కెట్ పార్కింగ్‌కి తీసుకెళ్లేవారు. ఆ దుకాణం తలుపులు వాటంతటవే తెరుచుకునే రకం, వాటి మీది యంత్రం వదిలే రాడార్ తరంగాలకు కూడా డిటెక్టర్ ఉలిక్కిపడుతుందని ఆయనకు తెలుసు, నాకు తెలియదు. నేను ఆ తలుపుల దాకా నడిపేసరికి బల్బు వెలిగేది, ఇంజిన్ తగలేస్తున్నావని ఆయన కేకలు వేసేవారు, నేను ఏడుస్తూ బ్రేకు తొక్కేదాన్ని. పరీక్ష రోజున సీట్లో కూర్చోగానే ఆ బల్బు వైపు చూసి కారు దిగిపోయాను. ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు.

ఆ దీపావళికి మా ఇంట్లోనే భోజనాలు. నా డ్రైవింగ్ మీద అందరూ వేళాకోళాలాడుతుంటే ఆ స్నేహితుడు ఆగలేక అన్నాడు:

"చెల్లెమ్మా, అది ఇంజిన్‌ది కాదు, పోలీసులున్నారని చెప్పే బల్బు. బావ నీకు చెప్పనేలేదా?"

"చెప్తే డ్రైవింగ్ వచ్చేసేదిగా," అన్నారు మా ఆయన, అరిటికాయ వేపుడు వడ్డించుకుంటూ.

ఇల్లంతా నవ్వింది. ఉడుక్కుందంటారని నేనూ నవ్వాను. తర్వాతైనా నేర్చుకోవలసిందని మీరంటారు, కాని కారులో ఏ ఎర్రదీపం వెలిగినా నా కాలు చచ్చుబడేది.

పెద్దతనంలో ఆయనకు చూపు మందగించి లైసెన్స్ పోయింది. కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళతానన్న కుర్రాడు రాని ఒక మంచు రోజున, గరాజ్‌లో కారుండగానే కోటు తొడుక్కుని కిటికీ దగ్గర కూర్చున్న ఆయన, నువ్వు నేర్చుకుని ఉండాల్సిందన్నారు. నాకు జాలి కలగలేదు. కోటు విప్పేయమని కూడా చెప్పకుండా నా కాఫీ నేను తాగాను.

ఇప్పుడు ఆడపిల్లలు పదహారేళ్లు రాగానే తాళాలు అందుకుంటున్నారు, చూస్తుంటే కడుపు నిండుతుంది. ఆయన పోయి కొన్నేళ్లయింది, ఆ కోపమూ చల్లారిందనే అనుకున్నాను. ఆ ఉద్యోగం మాత్రం నాకు ఇంకా కావాలనే ఉంది.